నక్షత్రంలో వింత పదార్థం దొరికిందట! ఆ వార్తను పరీక్షించడం ఎలా?

2002 ఏప్రిల్‌లో నేనొక దినపత్రిక డెస్క్‌లో ట్రైనీ సబ్ ఎడిటర్‌ని. ఒకరోజు రాత్రి తొమ్మిది దాటాక ఏజెన్సీ కాపీ ఒకటి వచ్చింది. చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు చూసిన రెండు నక్షత్రాల్లో భూమ్మీద ఎక్కడా లేని పదార్థం ఉండి ఉండవచ్చని నాసా చెప్పిందట. సింగిల్ కాలమ్ వార్త. హెడ్డింగ్‌లో ‘కావచ్చు’ పట్టలేదు. ‘తీసెయ్, లోపల ఎలాగూ ఉందిగా’ అన్నారు సీనియర్. తీసేశాను. తర్వాత యాడ్ ఏదో వచ్చి పడి, వార్తలో చివరి పేరా కూడా ఎగిరిపోయింది. సందేహాలన్నీ ఆ పేరాలోనే ఉన్నాయి.

మా బాబాయి ఆ కటింగ్‌ను చాలా ఏళ్లు దాచుకున్నాడు. ఇప్పుడు కటింగుల కాలం పోయి వాట్సాప్ వచ్చింది. ఇలాంటి వార్త ఏది కనిపించినా నాకు పంపి, ‘ఇది నిజమేనంటావా?’ అని అడుగుతాడు. ఆయనకు ఫోన్లో చెప్పీ చెప్పీ నాకో పద్ధతి కుదిరింది. అదే ఇక్కడ రాస్తున్నాను. ఫిజిక్స్ డిగ్రీ అక్కర్లేదు. నెట్ ఉన్న ఫోను, ఒక తెల్లకాగితం, అరగంట తీరిక చాలు.

ముందు మాటల సంగతి చూడండి

ఈ వార్తల్లో సగం సంచలనం అనువాదంలోనే పుడుతుంది. ‘వింత పదార్థం’ అన్న మాటనే తీసుకోండి. ప్రోటాన్లు, న్యూట్రాన్లు క్వార్కులనే ఇంకా చిన్న కణాలతో, అందులో అప్, డౌన్ అనే రెండు రకాలతో తయారవుతాయి. మరో రకం క్వార్కు పేరు స్ట్రేంజ్. ఈ మూడూ కలిసిన ముద్దను స్ట్రేంజ్ మ్యాటర్ అంటారు. అలాంటి ముద్ద మామూలు అణుకేంద్రకాల కన్నా స్థిరంగా ఉండొచ్చని 1971లో బోడ్మర్, 1984లో ఎడ్వర్డ్ విటెన్ ప్రతిపాదించారు. స్ట్రేంజ్ ఇక్కడ కేవలం పేరు. పులివెందుల అనగానే అక్కడ పులులు తిరుగుతున్నాయని మనం అనుకోం కదా. తెలుగులోకి వచ్చేసరికి ఆ పేరు కాస్తా ‘వింత’ అయి కూర్చుంది. ఎగ్జోటిక్ మ్యాటర్‌ను ‘అన్యదేశ పదార్థం’ అన్న వార్త కూడా చూశాను. వీసా తీసుకుని వచ్చినట్టుంది! మెషిన్ చేసిన పని అయి ఉంటుంది.

ఇంకో రెండు మాటల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. మొదటిది ఎవిడెన్స్. దీన్ని ‘ఆధారం’ అంటే ఒక అర్థం, ‘రుజువు’ అంటే పూర్తిగా వేరే అర్థం. పోలీసులకు ఆధారం దొరికినంత మాత్రాన కేసు రుజువైపోదు. రెండోది క్యాండిడేట్. ఖగోళంలో ఎవరినైనా అభ్యర్థి అన్నారంటే ఎన్నికల అభ్యర్థి అనే అనుకోండి. నామినేషన్ వేశాడు, అంతవరకే.

2021లో ‘14 వ్యతిరేక నక్షత్రాలు దొరికాయి’ అన్న తరహా హెడ్డింగులు వచ్చాయి. మామూలు పదార్థానికి బదులు యాంటీమ్యాటర్‌తో, అంటే కణాల విద్యుదావేశం తిరగబడిన పదార్థంతో అయిన నక్షత్రాలన్నమాట. ఫెర్మి టెలిస్కోపు పదేళ్ల జాబితాలోని 5,787 గామా కిరణాల వనరులను వడపోస్తే, ఇంకా కొట్టేయలేనివి 14 మిగిలాయి. అభ్యర్థులంటే అవే. ఆ పేపర్ టైటిల్ చూస్తే, అలాంటి నక్షత్రాలు ఎంతకు మించి ఉండలేవో హద్దు గీయడం గురించి. మన గెలాక్సీ పళ్లెంలో 10 లక్షల మామూలు నక్షత్రాలకు మహా అయితే రెండున్నర అని తేల్చారు. ‘ఇంతకు మించి లేవు’ అని వాళ్లు రాస్తే ‘ఇన్ని ఉన్నాయి’ అని మనం చదివాం.

అసలు పేపర్‌ను పట్టుకోండి

వార్తలో ఎక్కడో నక్షత్రం పేరు ఉంటుంది. నోరు తిరగని పేరు, అందుకే చాలామంది దాటేస్తారు. మీరు మాత్రం కాగితం మీద రాసుకోండి. 2002 నాటి హీరో పేరు ఆర్‌ఎక్స్ జె1856.5-3754. ముందున్న అక్షరాలు దాన్ని పట్టుకున్న రోశాట్ అనే ఎక్స్‌రే ఉపగ్రహానివి. అంకెలు ఆకాశంలో దాని అడ్రసు, అంటే మన రేఖాంశం, అక్షాంశం లాంటివి. ‘క్వార్క్ నక్షత్రం’ అని వెతికితే యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు మీద పడతాయి. ఈ అడ్రసుతో వెతికితే పేపర్లు వస్తాయి.

వెతకాల్సింది ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో. శాస్త్రవేత్తలు తమ పేపర్లను ఉచితంగా పెట్టేది అక్కడే. పేపర్ మొత్తం చదవక్కర్లేదు. టైటిల్, సారాంశం చాలు. మన కేసులో టైటిల్ చూసి నేనైతే కాసేపు తల పట్టుకున్నాను. జెరెమీ డ్రేక్ బృందం పేపర్‌కు పెట్టిన పేరు ‘ఆర్‌ఎక్స్ జె1856.5-3754 క్వార్క్ నక్షత్రమా?’ అని. చివర ప్రశ్నార్థకం ఉంది! దాని మీద నాసా ఇచ్చిన ప్రకటన హెడ్డింగ్‌లో ‘కొత్త రూపంలోని పదార్థానికి ఆధారం’ అయింది. నా డెస్క్ దాటేసరికి ఆ ‘ఆధారం’ కూడా లేదు. కాబట్టి రెండో పని ఇది: పేపర్, ప్రెస్ నోట్, వార్త, మూడు హెడ్డింగులూ ఒకదాని కింద ఒకటి రాసి, ప్రశ్నార్థకం ఎక్కడ రాలిపోయిందో చూడండి.

కాగితం మీద మూడు గళ్లు గీయండి

అసలు పని ఇదే. ఒక గడి పైన ‘చూసింది’, రెండో దాని పైన ‘అనుకున్నది’, మూడో దాని పైన ‘తేల్చింది’ అని రాయండి. వార్తలో వచ్చేది ఎప్పుడూ మూడో గడే. కూలిపోయేది ఎప్పుడూ రెండో గడి.

న్యూట్రాన్ నక్షత్రం అంటే సూర్యుడి కన్నా ఎక్కువ బరువును సుమారు 20-25 కిలోమీటర్ల అడ్డం ఉన్న ఉండలోకి కుక్కినది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల హాయిగా ఇమిడిపోతుంది. మామూలు న్యూట్రాన్ పదార్థాన్ని అంతకన్నా మరీ చిన్నగా నొక్కడం కష్టం. నక్షత్రం మరీ చిన్నదని తేలితే, లోపల న్యూట్రాన్లు చితికి క్వార్కుల ముద్ద అయిందేమో అన్న ప్రశ్న వస్తుంది. 2002 కథంతా ఈ సైజు మీదే నడిచింది. నక్షత్రం సుమారు 11 కిలోమీటర్ల అడ్డం మాత్రమే ఉందన్నారు. పేపర్‌లో రాసింది వ్యాసార్థం, అది 3.8 నుంచి 8.2 కిలోమీటర్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని. 3.8కీ 8.2కీ రెట్టింపుకు పైగా తేడా ఉంది. వార్తలకు మాత్రం ఒకే అంకె కావాలి.

ఇప్పుడు గళ్లు నింపుదాం. చూసింది: ఎక్స్‌రే కాంతి, అందులో ఏ శక్తి దగ్గర ఎంత వచ్చిందన్న లెక్క (దీన్నే స్పెక్ట్రం అంటారు). ఆ లెక్క నుంచి సుమారు 7 లక్షల డిగ్రీల వేడి అని తెలుస్తుంది. అంతే. టేపు పెట్టి ఎవరూ కొలవలేదు, ఫొటోలో కూడా అది చుక్కే. అనుకున్నది: నక్షత్రం ఫలానా దూరంలో ఉంది, దాని ఒళ్లంతా ఒకే వేడితో ఉంది. తేల్చింది: వ్యాసార్థం.

దూరం సంగతి ముందు చూడండి. చెయ్యి చాపి రూపాయి బిళ్ల పట్టుకుంటే చందమామ మొత్తం దాని వెనక దాక్కుంటుంది. ఎంత దూరంలో ఉందో తెలియకపోతే ఎంత పెద్దదో చెప్పలేం. వేడినీ, మనకు అందే కాంతినీ కలిపితే వచ్చేది కోణం మాత్రమే. దాన్ని దూరంతో హెచ్చిస్తేనే కిలోమీటర్లు వస్తాయి. దూరం రెట్టింపయితే వ్యాసార్థమూ రెట్టింపే. 400 కాంతి సంవత్సరాల దగ్గర 6 కిలోమీటర్లు వచ్చిందనుకోండి, 800 దగ్గర 12 వస్తుంది. మొదటిది సంచలనం, రెండోది మామూలు న్యూట్రాన్ నక్షత్రం. వేడి అంచనా 10 శాతం తప్పితే వ్యాసార్థం సుమారు 20 శాతం తప్పుతుందని కూడా పక్కన రాసుకోండి.

మరి దీని దూరమెంత? 2001లో హబుల్ ఫొటోలతో సుమారు 200 కాంతి సంవత్సరాలన్నారు. 2002లో మరో బృందం అవే ఫొటోలను మళ్లీ కొలిచి 460 దాకా అంది. డ్రేక్ బృందం కూడా ఎక్కువ దూరం వైపే మొగ్గింది. 2010 నాటి లెక్కకు 400 దగ్గర నిలిచింది. ఆ చుక్కను అడిగితే అది మాత్రం కదల్లేదనే చెబుతుంది! వార్తలో దూరం ఒకే అంకెగా కనిపిస్తే, ఆ నక్షత్రం పేరు పక్కన ‘పారలాక్స్’ (నక్షత్రాల దూరం కొలిచే పద్ధతి) అని కలిపి ఆర్కైవ్‌లో వెతకండి. ఒకటి కన్నా ఎక్కువ అంకెలు దొరికితే హెడ్డింగ్‌ను పెన్సిల్‌తో రాసుకోండి, పెన్నుతో వద్దు.

అగరుబత్తి పరీక్ష

రెండో ఊహ, ‘ఒళ్లంతా ఒకే వేడి’. రాత్రి కరెంటు పోయినప్పుడు దేవుడి గూట్లో అగరుబత్తి వెలుగుతుంటే మీకు కనిపించేది ఎర్రటి చుక్క ఒక్కటే. దాన్ని మాత్రమే చూసి, ‘అగరుబత్తి ఆవగింజంత ఉంటుంది’ అని ఎవరైనా అంటే? ఎక్స్‌రేతో నక్షత్రాన్ని చూడటం అలాంటిదే. ఎక్కువ వేడిగా ఉన్న మచ్చ కనిపిస్తుంది, చల్లగా ఉన్న మిగతా ఒళ్లు కనిపించదు.

ఆ మిగతా ఒళ్లు ఉందని చెప్పే సంగతి 2002కి ముందే తెలుసు. ఎక్స్‌రే లెక్కను బట్టి మామూలు కాంతిలో నక్షత్రం ఎంత వెలగాలో, దానికి ఆరేడు రెట్లు వెలుగుతోంది. అంటే ఎక్స్‌రేలో తెలియని, కాస్త చల్లగా ఉన్న పెద్ద ఉపరితలం ఉండొచ్చు. దాన్ని కలిపితే సైజు మామూలు న్యూట్రాన్ నక్షత్రం సైజుకు వస్తుందని ఆ రోజుల్లోనే కొందరు రాశారు. మేం ఎగరగొట్టిన చివరి పేరాలో ఉన్నది ఇలాంటి మాటే.

మచ్చ ఉంటే నక్షత్రం తిరిగినప్పుడు వెలుగు హెచ్చుతగ్గులు కావాలిగా? అది కనబడలేదు కాబట్టే ఒళ్లంతా ఒకే వేడి అన్న వాదనకు బలం వచ్చింది. ఇక్కడ ఒక చిట్కా. పేపర్‌లో ‘కనబడలేదు’ అన్న చోట ఆగి, ‘ఎంతవరకు?’ అని అడగండి. సారాంశంలోనే రాశారు: హెచ్చుతగ్గులు 2.7 శాతానికి మించి లేవు అని. దాని కన్నా తక్కువైతే ఉండొచ్చు, వాళ్లకు తెలియదు. 2007లో ఎక్స్‌ఎమ్‌ఎమ్-న్యూటన్ టెలిస్కోపుతో మరో బృందం పట్టుకుంది. నక్షత్రం 7 సెకన్లకోసారి తిరుగుతోంది, హెచ్చుతగ్గు 1.2 శాతం. డ్రేక్ బృందం తప్పు రాయలేదు, వాళ్ల హద్దు కింద నుంచి దూరిపోయిందంతే. ఇప్పుడు దాన్ని మామూలు న్యూట్రాన్ నక్షత్రంగానే లెక్కేస్తున్నారు. ఈ సంగతిని పేజీ వన్‌లో వేసిన వాళ్లు నాకు కనిపించలేదు.

అంకె పక్కన ఉన్న అంకెను వదలొద్దు

2016లో ఇదే నక్షత్రం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఈసారి శూన్యానికే వింత గుణం ఉందన్న కథ. చిలీలోని పెద్ద టెలిస్కోపుతో చూస్తే దాని కాంతి సుమారు 16 శాతం ధ్రువణం (పోలరైజేషన్) చెంది ఉంది, అంటే ఆ మేరకు కాంతి తరంగాలు ఒకే దిశలో ఊగుతున్నాయి. నక్షత్రం చుట్టూ ఉన్న బలమైన అయస్కాంత క్షేత్రం ఖాళీ స్థలాన్నే ప్రభావితం చేస్తోందనడానికి ఇది గుర్తు కావచ్చన్నారు. యూరోపియన్ అబ్జర్వేటరీ వాళ్లు తమ ప్రకటన హెడ్డింగ్‌లో ప్రశ్నార్థకం ఉంచారు, మెచ్చుకోవాలి. పేపర్‌లో అసలు అంకె 16.43, దాని పక్కన అటూ ఇటూ 5.26. పెద్ద అంకెను చిన్న అంకెతో భాగించండి. మూడు వచ్చింది. మూడు వస్తే ‘ఆసక్తికరం’, ఐదు దాటితే ‘కూర్చుని మాట్లాడుకుందాం’. ఇది ముతక కొలతే, ఇంటి వాడకానికి సరిపోతుంది.

మామూలు కారణం ఏదైనా ఉందా?

2002 నాటి రెండో నక్షత్రం 3సి58 అనే, పేలిపోయిన నక్షత్రపు శిథిలం నడుమ ఉంటుంది. 1181లో చైనా, జపాన్ వాళ్లు ఆకాశంలో కొత్త చుక్కను చూసి రాసిపెట్టారు. అది నక్షత్రం పేలుడు, ఆ పేలుడు శిథిలమే ఇది అనుకున్నారు. అంటే వయసు ఎనిమిది వందల ఏళ్లు. ఇంత కుర్రదానికి ఉండాల్సిన వేడి లేదు, చాలా చల్లగా ఉంది, లోపల ఏదో కొత్త పదార్థం ఉండబట్టే ఇంత వేగంగా చల్లారింది అన్నది వాదన.

గళ్లు నింపితే ‘అనుకున్నది’ కింద వయసు వస్తుంది. శిథిలం వ్యాపిస్తున్న వేగాన్ని రేడియో టెలిస్కోపులతో కొలిచిన వాళ్లు, ఇది కొన్ని వేల ఏళ్లదై ఉండాలన్నారు. 2021లో పీఏ 30 అనే మరో నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) 1181 నాటి పేలుడుకు చక్కగా సరిపోతోందని తేలింది. పెళ్లిచూపులకు వేరే అమ్మాయి ఫొటో చూసి వెళ్లినట్టయింది. వయసు ఎక్కువైతే చల్లగా ఉండటంలో వింతేముంది? వయసు తక్కువే అనుకున్నా, మామూలు న్యూట్రాన్ నక్షత్రంలో ప్రోటాన్ల పాలు తగినంత ఉంటే న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు వేడిని తోడేసి త్వరగా చల్లారుస్తాయి. క్వార్కుల దాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు మీరే ఒకటి చేసి చూడండి

2022 అక్టోబరులో ‘వింత నక్షత్రం’ వార్తలు మళ్లీ వచ్చాయి. పేరు హెస్ జె1731-347. బరువు సూర్యుడిలో 0.77 వంతు, వ్యాసార్థం 10.4 కిలోమీటర్లు. న్యూట్రాన్ నక్షత్రానికి ఇది మరీ తక్కువ బరువు. అయితే అతి తేలికైన న్యూట్రాన్ నక్షత్రం, లేకపోతే స్ట్రేంజ్ నక్షత్రం కావచ్చని పేపర్ రాసింది. ఆ ‘అయితే’ వార్తల్లో మీకు కనిపించిందేమో చూడండి.

చూసింది: మళ్లీ ఎక్స్‌రే కాంతి. బరువు తూచారా? లేదు. నక్షత్రాన్ని నమ్మకంగా తూచాలంటే దానికి జంట ఉండాలి, ఇది ఒంటరిది. బరువునూ సైజునూ స్పెక్ట్రం ఆకారం నుంచే లాగారు. అనుకున్నది: పైన కార్బన్ వాతావరణం ఉంది, వేడి అంతటా ఒకటే (అగరుబత్తిని గుర్తుచేసుకోండి), దూరం సుమారు 8 వేల కాంతి సంవత్సరాలు. ఈ దూరం గయా టెలిస్కోపు కొలిచినదే, కానీ కొలిచింది పక్కనున్న ఇంకో నక్షత్రానికి. రెండూ ఒకే ధూళి గూట్లో ఉన్నాయన్న వాదన మీద ఆ అంకెను దీనికి వాడారు. వాదన తప్పని నేననను. కానీ ఒక అంకె కింద ఎన్ని కర్రలు పెట్టి నిలబెట్టారో లెక్కపెట్టండి.

దీని పక్కన పెట్టి చూడాల్సిన వార్త 2010 నాటిది, హెడ్డింగ్ పెద్దగా మెరవనిది. పీఎస్‌ఆర్ జె1614-2230 అనే పల్సర్‌కు, అంటే గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా సంకేతాలు పంపే న్యూట్రాన్ నక్షత్రానికి, జంట నక్షత్రం ఉంది. పల్సర్ సంకేతాలు ఆ జంట పక్కనుంచి వచ్చేటప్పుడు దాని గురుత్వం వల్ల కాస్త ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యాన్ని కొలిచి బరువు తేల్చారు: సూర్యుడికి 1.97 రెట్లు, అటూ ఇటూ 0.04. తర్వాత 1.91కి సవరించారు. ఇక్కడ రెండో గడి దాదాపు ఖాళీ. అంత బరువును మోయలేక కూలిపోవాల్సిన వింత పదార్థం నమూనాలు చాలా ఆ ఒక్క కొలతతో చిక్కుల్లో పడ్డాయి. అన్నీ కాదు, గట్టి క్వార్క్ నమూనాలు కొన్ని నిలిచాయి. కాబట్టి ‘క్వార్క్ నక్షత్రాల్లేవు’ అని ఎవరైనా పంపినా ఇవే మూడు గళ్లు గీయండి.

ఒకే డేటాను ఇద్దరు విడివిడిగా లెక్కగట్టిన పని దొరికితే ఇంకా మంచిది. అంతరిక్ష కేంద్రం మీదున్న నైసర్ పరికరం చూసిన ఒక బరువైన పల్సర్‌కు 2021లో ఒక బృందం 12.4 కిలోమీటర్ల వ్యాసార్థం చెప్పింది, మరొకటి 13.7 అంది. తేడా వచ్చింది కదా అని నవ్వకండి. లెక్కగట్టే తీరు మారితే అంకె ఎంత కదులుతుందో వాళ్లే బయటపెట్టారు. నేనైతే ఇలాంటి దాన్నే ఎక్కువ నమ్ముతాను.

గ్రూపులో ఏం రాయాలి, తర్వాత ఏం చేయాలి

‘ఫేక్’ అని రాయకండి. ఫేక్ కాదు, తొందర అంతే. పైగా పంపినవాళ్లు నొచ్చుకుంటారు. నేను బాబాయికి ఇలా రాశాను: ‘బాబాయ్, వాళ్లు చూసింది ఎక్స్‌రే కాంతిని. బరువు, సైజు లెక్కగట్టినవి. దూరం పక్క నక్షత్రానిది. క్వార్క్ నక్షత్రం కావచ్చు, కాకపోవచ్చు అని వాళ్లే రాశారు.’ మూడు గళ్లు, నాలుగు వాక్యాలు.

ఆ తర్వాత ఫోన్‌లో ఏడాదికో రిమైండర్ పెట్టండి. పేరు పూర్తిగా, అంకెలతో సహా రాయండి. అది మోగినప్పుడు ఆ పేరును ఏడీఎస్ (ADS) అనే ఖగోళ పేపర్ల సైట్‌లో కొట్టి, అందులో ఆ పేపర్‌ను తెరిస్తే, దాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో జాబితా దొరుకుతుంది. ఎదురు వాదించిన పేపర్ల సారాంశాలు రెండు చదివితే చాలు. హెస్ జె1731-347 నాకు ప్రతి అక్టోబరులో మోగుతుంది. వాతావరణం గురించి, వేడి మచ్చల గురించి, దూరం గురించి వాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పోయినసారి మోగినప్పుడు బాబాయి పక్కనే ఉన్నాడు. ‘ఎవరిదిరా పుట్టినరోజు?’ అన్నాడు.